పద్దుకెక్కిన పిల్లలు: ఇంగ్లండులో ప్రత్యేక విద్య, ప్రభుత్వ ధనం

ఇంగ్లండులో వికలాంగులైన పిల్లల చదువుకి ప్రభుత్వం ధారాళంగా ఖర్చు పెడుతుందనీ, వాళ్లని చూసి మనం నేర్చుకోవలసింది చాలా ఉందనీ మన విద్యావేత్తలు తరుచు చెబుతూ ఉంటారు. ఖర్చు పెడుతున్న మాట అబద్ధం కాదు. 2024-25 సంవత్సరంలో ఇందుకు కేటాయించినది 1070 కోట్ల పౌన్లు. ధరల పెరుగుదల తీసివేసి చూసినా పదేళ్ల కిందటి కంటే ఇది 58 శాతం ఎక్కువ. ఈ అంకెలు ఇచ్చింది ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయమే, 2024 అక్టోబరులో. ఇంత డబ్బు పోసినా పిల్లలకి ఒరిగింది కనిపించటం లేదనీ, ఈ ఏర్పాటు ఇలాగే సాగటం అసాధ్యమనీ కూడా అదే నివేదిక చెప్పింది.

డబ్బు చాలటం లేదని ఒకరంటారు. పెట్టినది వృథా అవుతున్నదని మరొకరంటారు. ఈ వాదంలోకి దిగేముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. డబ్బు ఏ రూపంలో వచ్చింది? ఎవరి పేర, ఏ షరతు మీద వచ్చింది? ప్రభుత్వం డబ్బు ఇవ్వాలంటే ముందు ఒక పద్దు ఉండాలి. పిల్లవాడు ఆ పద్దులో ఇమడాలి. ఇమడనివాడికి డబ్బు లేదు. ఇమిడినవాడికి డబ్బుతో పాటు ఒక ముద్ర కూడా పడుతుంది. రెండు వందల యేళ్లకి పైబడిన ఇంగ్లండు ప్రత్యేక విద్య చరిత్రని ఆ పద్దుల చరిత్రగా చదవవచ్చునని నా అభిప్రాయం.

మొదట్లో పద్దు ప్రభుత్వానిది కాదు, దాతలది. 1791లో లివర్పూలులో బీద అంధుల కోసం ఒక పాఠశాల వెలిసింది. దానికి మూలపురుషుల్లో ఒకడు ఎడ్వర్డ్ రష్టన్. ఇతన్ని గురించి మన పాఠకులకి తెలియవలసినంతగా తెలియదు. ఇరవై యేళ్లు నిండకముందే అతను బానిసల ఓడలో నావికుడుగా పనిచేశాడు. ఓడ అడుగున బంధించిన ఆఫ్రికన్లకి అంటు కళ్లజబ్బు పట్టుకుంటే, తక్కిన నావికులు దగ్గరికి పోవటానికి జంకారు. ఇతను కిందికి దిగి వాళ్లకి తిండీ నీళ్లూ అందించాడు. జబ్బు అతనికీ సోకి చూపు పోయింది. ఆ తర్వాత అతను బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పద్యాలు రాశాడు. స్వాతంత్ర్య వీరుడని పేరుపొందిన జార్జి వాషింగ్టన్ సొంతాన బానిసలని ఉంచుకోవటాన్ని నిలదీస్తూ 1797లో ఉత్తరం ప్రకటించాడు. తన చూపు ఎలా పోయిందో, లివర్పూలు మేడలు ఎలా లేచాయో అతనికి స్పష్టంగా తెలుసు. అయితే స్కూలు నడవాలంటే ఆ మేడల వాళ్ల చందాలే దిక్కు. చందాదారులకి కావలసింది బీద అంధుడు అడుక్కోకుండా బుట్టలు అల్లుకుని బతకటం. అక్కడి చదువూ చాలావరకు అదే అయింది.

లండనులో 1792లో బీద బధిర బాలల కోసం పెట్టిన ఆశ్రమంలో పద్ధతి మరీ విచిత్రం. ఉన్న చోట్లు తక్కువ, చేరగోరే పిల్లలు ఎక్కువ. అందుచేత చందాదారులు ఓట్లు వేసి ఏ బిడ్డని చేర్చుకోవాలో ఎన్నుకునేవాళ్లు. తలిదండ్రులు ఆ ఓట్ల కోసం పెద్దమనుషుల చుట్టూ తిరిగేవాళ్లు. ఆ తలిదండ్రుల్లో చాలామందికి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదని గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వ ధనం బళ్ళలోకి ప్రవేశించాక కథ మరో మలుపు తిరిగింది. 1862లో రాబర్ట్ లో అనే ఆయన విద్యా వ్యవహారాలు చూస్తూ ఒక కొత్త కోడు తెచ్చాడు. ఫలితాన్ని బట్టి చెల్లింపు దాని సారాంశం. ఆరేళ్లు దాటిన ఒక్కొక్క పిల్లవాడికి హాజరుని బట్టి నాలుగు షిల్లింగులు. ఆపైన చదవటం, రాయటం, లెక్కలు మూడింట్లో ఇన్‌స్పెక్టరు ఎదుట నెగ్గితే ఒక్కొక్క దానికి రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు. ఈ పద్ధతిలో చదువు చవకగానన్నా ఉంటుంది, లేదా సమర్థంగానన్నా ఉంటుందని ఆయన పార్లమెంటుకి నచ్చజెప్పాడు. గుమాస్తా బుర్రలో నుంచి పుట్టిన ఈ లెక్క బడిని ఎలా మార్చిందో ఆలోచించండి. ఎదట కూర్చున్న పిల్లవాడు ఉపాధ్యాయుడికి ఇప్పుడు ఎనిమిది షిల్లింగుల రాబడి. చెవి సరిగా వినపడనివాడు, అక్షరాలు తడబడేవాడు, ఆకలికి సొమ్మసిల్లేవాడు ఎనిమిది షిల్లింగుల నష్టం. వెనకబడిన పిల్లవాడు అంతకుముందూ ఉన్నాడు. అతన్ని ఖర్చు కింద రాయటం మాత్రం 1862లో మొదలైంది.

ఈ విద్య సముద్రం దాటి మనదాకా వచ్చింది. మద్రాసు రాజధానిలో ‘రిజల్టు గ్రాంటు’ పేరుతో అమలు జరిగింది. మన వీధిబడి అయ్యవారు ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకి పిల్లల చేత పాఠాలు వల్లె వేయించటం ఉత్త చాదస్తమని నవ్వుకునేవాళ్లు, ఆయన యేడాది తిండి దానిమీద ఆధారపడి ఉండేదని కూడా తెలుసుకోవాలి.

1870 చట్టంతో ఊరూరా బళ్ళు వచ్చాయి. 1880లో చిన్నపిల్లలకి హాజరు నిర్బంధమైంది. అంతదాకా గనుల దగ్గరా, మిల్లుల దగ్గరా, ఇంటి మూలల్లోనూ ఉండిపోయిన బిడ్డలు ఒక్కసారి బడి గదిలో కనిపించారు. వాళ్లు ఏ తరగతికీ సరిపోలేదు. కొన్ని బళ్ళలో వాళ్ల కోసం ‘సున్నా తరగతి’ అని ఒకటి పెట్టారు. ఆ పేరు పెట్టినవాడికి వ్యంగ్యం తెలుసునని నేననుకోను.

అంధుల, బధిరుల విద్యని విచారించిన రాయల్ కమిషను 1889లో నివేదిక ఇచ్చింది. ప్రభువైన ఎగర్టన్ దాని అధ్యక్షుడు. బిడ్డ చదువుకోవటం బిడ్డ హక్కు అని ఆ కమిషను అనలేదు. చదువు చెప్పకపోతే వీళ్లు రేపు బీదల ఆశ్రమాలకి భారమవుతారు, కనక ఇవాళ కొంత ఖర్చు పెట్టటం లాభసాటి అన్నది దాని తర్కం. 1893లో అంధ, బధిర బాలలకి చదువు చెప్పించే బాధ్యతని చట్టం స్థానిక అధికారుల నెత్తిన పెట్టింది. మంచిదే. అయితే డబ్బు వెంబడి పద్ధతి కూడా వచ్చింది. 1880లో మిలాను నగరంలో జరిగిన బధిర విద్యా మహాసభ సైగల భాషని తోసిపుచ్చి నోటిమాటకే పట్టం కట్టింది. ఆ సభలో ప్రతినిధులు దాదాపు అందరూ వినగలిగినవాళ్లే. ఎగర్టన్ కమిషను కూడా నోటిమాట వైపే మొగ్గింది. ప్రభుత్వ ఖర్చుతో చదువుకున్న బధిర బాలలు తరాల తరబడి తమ భాషని బల్లకింద దాచుకుని మాట్లాడుకోవలసి వచ్చింది.

బుద్ధిమాంద్యం గలవారి విషయంలో 1899 చట్టం ఇంకా పొదుపైనది. స్థానిక అధికారులు కావాలనుకుంటే ప్రత్యేక తరగతులు పెట్టవచ్చు, వద్దనుకుంటే మానవచ్చు. ఇష్టమైతే చేసే మంచిపనిని పన్ను చెల్లించే ఆస్తిపరులు ఎంత ఇష్టంగా చేస్తారో వేరే చెప్పనక్కర్లేదు. అది నిర్బంధం కావటానికి 1914 దాకా ఆగవలసి వచ్చింది.

ఈ మధ్యకాలంలో జరిగినదాన్ని మనం దాటవేయకూడదు, ఎందుకంటే ఇందులో మన పక్షం వాళ్ల చేతులు కూడా ఉన్నాయి. జాతిని మెరుగుపరచటమనే పేరుతో యూజెనిక్సు వాదం ఆ రోజుల్లో ఇంగ్లండు మేధావుల్ని ఊపేసింది. ఫేబియన్ సోషలిస్టులు దానికి అతీతులు కారు. సిడ్నీ వెబ్, బెర్నార్డ్ షా ఇద్దరూ ఆ భాష మాట్లాడినవాళ్లే. మేరీ డెండీ 1902లో చెషైరులో పెట్టిన ఆశ్రమంలో ఉద్దేశం పిల్లలకి చదువు చెప్పి పంపటం కాదు, జీవితాంతం బయటికి పంపకుండా ఉంచటం. 1913లో వచ్చిన మానసిక వైకల్య చట్టం ప్రకారం ఏడు నుంచి పదహారేళ్ల పిల్లల్లో ‘చదువు అంటనివాళ్లు’ ఎవరో విద్యాధికారులు తేల్చాలి. తేల్చినవాళ్లని మరో శాఖకి అప్పగించాలి. పార్లమెంటులో దీన్ని పట్టుదలగా ఎదిరించినవాడు జోసయా వెడ్జ్‌వుడ్ అనే లిబరల్ సభ్యుడు. సోషలిస్టు మేధావి కంటే ఒక లిబరల్ ఆనాడు స్పష్టంగా చూశాడని ఒప్పుకోవటానికి మనం సిగ్గుపడనక్కర్లేదు. అదే 1913లో లండను కౌంటీ కౌన్సిలు సిరిల్ బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుణ్ణి నియమించింది. ఇన్‌స్పెక్టరు చేతిలోని షిల్లింగుల లెక్క పోయి, బుద్ధి పరీక్ష అంకె వచ్చింది. బర్ట్ తన కవల పిల్లల పరిశోధనలో చూపిన లెక్కలు నమ్మదగినవి కావని 1970లలో బయటపడింది. అప్పటికి ఆ అంకెల వరసలో నడిచి ఎందరు పిల్లలు ఎక్కడికి పోయారో!

ఇదంతా పైనుంచి జరిగిన కథ. కింద నుంచి జరిగినది కూడా ఉంది. 1899లోనే అంధ కార్మికులు ఒక యూనియను కట్టుకున్నారు, పేరు అంధుల జాతీయ సంఘం. 1902లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసులో చేరారు. ధర్మసంస్థల వర్కుషాపుల్లో చిల్లర కూలికి బుట్టలూ చాపలూ అల్లినవాళ్లు వీళ్లే. 1920 ఏప్రిల్లో న్యూపోర్టు నుంచీ, మాంచెస్టరు నుంచీ, లీడ్సు నుంచీ మూడు దండులుగా బయలుదేరి లండను దాకా నడిచారు. దయాదాక్షిణ్యాలు కాదు, న్యాయం కావాలన్నది వాళ్ల జెండా మీద మాట. ప్రధాని లాయిడ్ జార్జి వాళ్లని కలుసుకోక తప్పలేదు. ఆ యేడాదే అంధుల చట్టం వచ్చింది. వాళ్లకి పింఛను వయస్సు డెబ్బై నుంచి యాభైకి దిగింది. వాళ్లు అడిగినదాంట్లో ఇది కొద్దిభాగమే. కాని ప్రభుత్వ ధనం దానం కాదని ముందుగా నోరు తెరిచి చెప్పింది ఏ కమిషనూ కాదు, రోడ్డున పడి నడిచిన ఈ అంధ కార్మికులు.

రెండో ప్రపంచయుద్ధం చివర 1944 విద్యా చట్టం వచ్చింది. పిల్లలందరికీ వారి వారి వయస్సునీ, శక్తినీ బట్టి చదువు అని అది ప్రకటించింది. మరుసటి యేడు నిబంధనల్లో వికలాంగ బాలల్ని పదకొండు తరగతులుగా విభజించారు: అంధులు, చూపు తగ్గినవాళ్లు, బధిరులు, మూర్ఛరోగులు, మధుమేహం ఉన్నవాళ్లు, ‘సర్దుకోలేనివాళ్లు’, ‘విద్యలో సగటుకి తక్కువైనవాళ్లు’, ఇలాగ. అందరికీ చదువు అన్న చట్టంలోనే ‘చదువు అంటనివాళ్ల’ కోసం ఒక సెక్షను మిగిలింది. ఆ కాగితం ఇంటికి వచ్చిన బిడ్డ విద్యాశాఖ పద్దులో నుంచి కొట్టివేయబడి ఆరోగ్యశాఖ పద్దులోకి పోయేవాడు. 1946లో జూడీ ఫ్రైడ్ అనే తల్లి ఇలాంటి పిల్లల తలిదండ్రుల్ని కూడగట్టి సంఘం పెట్టింది. ఆ సంఘమూ, దానితో కలిసివచ్చినవాళ్లూ పోరాడగా పోరాడగా 1970లో చట్టం మారింది. 1971 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండులో ‘చదువు అంటని’ బిడ్డ అనే మాట చట్టంలో లేదు. ఆస్పత్రుల్లోనూ, శిక్షణ కేంద్రాల్లోనూ ఉన్న ముప్పై వేలకి పైగా పిల్లలు ఒక్క రోజులో విద్యార్థులయ్యారు. ప్రత్యేక విద్య అంటేనే పాలకవర్గాల కుట్ర అని తేల్చేసే మిత్రులు ఈ తేదీని ఏం చేసుకుంటారో నాకు తెలియదు. ముద్ర తప్పే; ముద్ర వేయించుకోవటానికి కూడా అర్హత లేకపోవటం అంతకంటే పెద్ద తప్పు.

సరిగ్గా ఆ 1971లోనే ఒక చిన్న పుస్తకం మరోవైపు చూపింది. గ్రెనడా దీవి నుంచి వచ్చి లండనులో ‘సగటుకి తక్కువైన’ పిల్లల బళ్ళలో పాఠాలు చెప్పిన బెర్నార్డ్ కోర్డ్ రాసినది అది. వెస్టిండియన్ పిల్లలు ఆ బళ్ళలో తమ సంఖ్యకి మించి ఎందుకున్నారన్నది అతని ప్రశ్న. పరీక్ష పెట్టేది తెల్లవాడి మధ్యతరగతి ఇంగ్లీషులో, తప్పినవాడు ‘తక్కువైనవాడు’, ఒకసారి పోయినవాడు మామూలు బడికి తిరిగిరావటం అరుదు. ‘ప్రత్యేకమైన’ బడి అంటే మెరుగైన బడి కాబోలనుకుని సంతకం పెట్టిన తల్లులున్నారు. బస్సులు నడిపి, ఆస్పత్రుల్లో నేలలు తుడిచి ఆ దేశాన్ని యుద్ధానంతరం నిలబెట్టిన వాళ్ల పిల్లలు వీళ్లు. పుస్తకాన్ని ప్రచురించింది జాన్ లా రోజ్ నడిపిన న్యూ బీకన్. చదివించింది తలిదండ్రుల సంఘాలు. (కోర్డ్ తర్వాత గ్రెనడా విప్లవ ప్రభుత్వంలో చేరి 1983లో దాని రక్తసిక్తమైన పతనంలో పోషించిన పాత్ర వేరే విషాదం. ఆ కారణంగా ఈ పుస్తకంలో ఉన్న నిజం అబద్ధమైపోదు.)

పదకొండు తరగతులకి చెల్లుచీటీ ఇచ్చింది 1978లో వచ్చిన వార్నక్ కమిటీ రిపోర్టు. ప్రతి అయిదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ప్రత్యేకమైన విద్యావసరం కలుగుతుందని అది చెప్పింది. వైకల్యం బిడ్డ ఒంట్లో ఉండే రోగం కాదనీ, బిడ్డకీ బడికీ మధ్య ఉండే సంబంధమనీ అర్థం వచ్చే ఈ మాట గొప్ప ముందడుగు. కాని చట్టం చేసేటప్పటికి అయిదుగురిలో ఒకరు పోయి, నూటికి ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరికే అవసరాల్ని వివరించే చట్టబద్ధమైన పత్రం. ఇద్దరే ఎందుకు? ఆనాడు ప్రత్యేక పాఠశాలల్లో ఉన్నది దాదాపు నూటికి ఇద్దరు గనక! ఉన్న కుర్చీల లెక్కనే అవసరాల లెక్కగా తీసుకున్నారు. 1981 చట్టం అదనపు నిధులేమీ లేకుండా వచ్చింది. బిడ్డని మామూలు బడిలో చేర్చుకోవాలంటూనే, అది వనరుల సమర్థమైన వినియోగానికి భంగం కాకుండా ఉంటేనే అని షరతు పెట్టింది. ఆ షరతులో రాబర్ట్ లో గొంతు వినిపించటం లేదూ? సామాజిక దారిద్ర్యాన్ని విద్యావసరానికి కారణంగా లెక్కించవద్దని కమిటీకి ముందే ఆంక్ష ఉండేదని మేరీ వార్నక్ తర్వాత చెప్పుకున్నారు. 2005లో తన రిపోర్టు ఫలితాల్నే తీవ్రంగా విమర్శిస్తూ ఆమె కరపత్రం రాశారు. తను వేసిన పునాదిని తనే తవ్వి చూపగల నిజాయితీ కమిటీ అధ్యక్షుల్లో అరుదు.

1988 చట్టం బళ్ళకి డబ్బుని పిల్లల తలల లెక్కన కట్టి, బళ్ళ మధ్య పోటీ పెట్టింది. 1992 నుంచి పరీక్షా ఫలితాల పట్టికలు పత్రికల్లో పడసాగాయి. ఫలితాన్ని బట్టి చెల్లింపు రద్దయి నూరేళ్లు తిరగకుండానే మరో వేషంలో తిరిగివచ్చింది. తక్కువ మార్కులు తెచ్చే బిడ్డ మళ్లీ నష్టం.

ఇక నేటి ఏర్పాటు. 2014 చట్టం పాత పత్రాన్ని తీసివేసి విద్యా, ఆరోగ్య, సంరక్షణ ప్రణాళిక అనే పత్రాన్ని పెట్టింది. పుట్టినప్పటి నుంచి ఇరవై అయిదేళ్ల దాకా వర్తించేట్టు హక్కుని విస్తరించింది. కాగితం మీద ఇంత ఉదారమైన చట్టాలు తక్కువ. అయితే అది వచ్చిన కాలం చూడండి: 2010 నుంచి స్థానిక సంస్థలకి కేంద్రం నిధులు కోస్తూ వచ్చిన కాలం. దీనికి తోడు 2013లో ఒక లెక్క ఖాయం చేశారు. బిడ్డకి కావలసిన అదనపు సహాయంలో మొదటి 6000 పౌన్లు బడి తన మామూలు నిధుల్లో నుంచే భరించాలి. ఆపైది స్థానిక సంస్థ ఇస్తుంది. ధరలు ఎంత పెరిగినా 2025లో కూడా అంకె అదే. ఇలాంటి పిల్లల్ని మనసుపెట్టి చేర్చుకున్న బడికి 6000 చొప్పున నష్టం. ఏదో వంకతో వదిలించుకున్న బడికి లాభం. బడి దగ్గర డబ్బు లేదు గనక తల్లి పత్రం కోసం పోతుంది. పత్రం ఉంటేనే చట్టం పలుకుతుంది. 2015లో 2 లక్షల 40 వేలున్న ఈ పత్రాలు 2025 జనవరికి 6 లక్షల 38 వేలు దాటాయి. తలిదండ్రులు అత్యాశకి పోతున్నారని కొందరు పత్రికలవాళ్లు రాస్తారు. ట్రిబ్యునలు దాకా పోయి తీర్పు చెప్పించుకున్న కేసుల్లో ఈమధ్య కాలంలో నూటికి తొంభై అయిదుకి పైగా ఏదో ఒక మేరకి తలిదండ్రుల పక్షానే తేలుతున్నాయి. అత్యాశ ఎవరిదో చెప్పటం కష్టం కాదు. ట్రిబ్యునలుకి పోవటానికి తీరికా, చదువూ, వకీలు డబ్బూ ఎవరికి ఉంటాయన్నది మాత్రం అడగాలి. వైకల్యం గల పిల్లల్లో ఉచిత భోజనానికి అర్హులైనవాళ్ల పాలు తక్కినవాళ్లలో కంటే బాగా ఎక్కువ. ఆ తల్లులు ఫారం నింపే దగ్గరే ఆగిపోతారు.

ప్రభుత్వ ప్రత్యేక పాఠశాలల్లో చోటు చాలదు. అందుచేత స్థానిక సంస్థ బిడ్డని ప్రైవేటు పాఠశాలకి పంపుతుంది. ప్రభుత్వ ప్రత్యేక పాఠశాలలో ఒక బిడ్డకి సగటున యేడాదికి సుమారు 24 వేల పౌన్లయితే, ప్రైవేటులో 61 వేల దాకా. ఈ పాఠశాలల్లో కొన్నింటికి యజమానులు ప్రైవేటు ఈక్విటీ కంపెనీలు. తిరస్కరించటానికి వీల్లేని చట్టబద్ధమైన హక్కు, ఖజానా నుంచి తప్పకుండా వచ్చే చెల్లింపు, ఎప్పటికీ తీరని కొరత. పెట్టుబడికి ఇంతకంటే మంచి పొలం ఎక్కడ దొరుకుతుంది? లివర్పూలు చందాదారుడు కనీసం జేబులో నుంచి తీసి ఇచ్చాడు.

స్థానిక సంస్థలు అప్పుల్లో మునిగాయి. చట్టప్రకారం వాళ్ల బడ్జెట్లు సరితూగాలి. 2020లో ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చి, ఈ లోటుని మాత్రం లెక్కల్లో విడిగా పక్కన పెట్టుకోవచ్చునంది. ఆ గడువు ముందు 2023 అన్నారు, తర్వాత 2026 అన్నారు, 2025 జూన్లో 2028 మార్చి అన్నారు. 2021 నుంచి ముప్పైకి పైగా సంస్థలతో ‘భద్రతా కవాటం’ పేరిట ఒడంబడికలు చేసుకున్నారు: ఖర్చు తగ్గిస్తే అప్పు తీర్చుకోవటానికి సహాయం. ఖర్చు తగ్గించటమంటే చాలా చోట్ల పత్రాలు తగ్గించటం. 2028-29 నుంచి ఈ ఖర్చుని కేంద్ర ప్రభుత్వమే తన మొత్తం బడ్జెట్లో భరిస్తుందని 2025 నవంబరు బడ్జెట్లో ప్రకటించారు. ఏ పద్దు కోసి భరిస్తుందన్నది ఆ రోజున చెప్పలేదు.

ఇన్ని చట్టాల్లో ఎక్కడా సరిగా కనిపించని మనిషి ఒకరున్నారు. పత్రంలో ‘వారానికి ఇన్ని గంటల సహాయం’ అని రాస్తారు. ఆ గంటలు ఎవరివి? తరగతి గదిలో బిడ్డ పక్కన కూర్చునే సహాయకురాలివి. తిండి తినిపించేదీ, మూర్ఛ వస్తే పట్టుకునేదీ, కూడికలు నూరోసారి చెప్పేదీ ఆమె. ఈ పనిలో ఉన్నవాళ్లు చాలావరకు స్త్రీలు. స్కూళ్లలో అతి తక్కువ జీతాల్లో వాళ్లది ఒకటి. వాళ్లలో ఎక్కువమందికి జీతం లెక్కగట్టేది బడి తెరిచి ఉన్న వారాలకే.